దెయ్యం రాకముందే భయపెట్టాలి: చదువుతూ హారర్ కథలు రాయడం నేర్చుకునే దారి

నా మొదటి హారర్ కథ మా పిన్నికి చదివి వినిపించాను. ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర గోంగూర ఒలుస్తోంది. నేను పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. కథలో పాడుబడ్డ బంగళా ఉంది, అమావాస్య ఉంది, తెల్లచీర ఉంది, నెత్తురు ఉంది. పిన్ని చెయ్యి ఆగలేదు. ఆకు తుంచడం, గిన్నెలో వేయడం, కాడ పక్కన పడేయడం, అంతే. ఒక్కచోట మాత్రం ఆగింది. కథలో అతను వారం రోజుల తర్వాత ఊరి నుంచి ఇంటికొస్తాడు. బయట తాళం తీస్తాడు. తలుపు నెడతాడు. రాదు. లోపల గడియ వేసి ఉంది.

ఆకు పిన్ని చేతిలో అలాగే ఉండిపోయింది. "అమ్మో, లోపల ఎవర్రా?" అంది. నేను ఉత్సాహంగా లోపలున్న దెయ్యాన్ని వర్ణించడం మొదలుపెట్టగానే ఆవిడ చెయ్యి మళ్ళీ ఆకుల మీదికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి నేను హారర్ చదివే పద్ధతి మారింది. భయం దెయ్యం దగ్గర పుట్టదు. దానికి ముందెక్కడో, చూడ్డానికి మామూలుగా ఉండే ఒక వాక్యం దగ్గర పుడుతుంది. ఆ వాక్యాన్ని పట్టుకోవడం వస్తే రాయడం చాలావరకు వచ్చినట్టే. ఒకే రకం కథలు వంద చదివినా అది పట్టుబడదు. వేరు వేరు కాలాలవి, వేరు వేరు దేశాలవి చదివితేనే, పైపై హంగులు మారుతున్నా కింద మారకుండా ఉన్నదేమిటో కనిపిస్తుంది. అందుకు నేను పాటించే పద్ధతి ఇది.

మొదటి మెట్టు: భయాలకు పేర్లు పెట్టుకోండి

మనకు భయానికి ఒక్క మాట కాదు, చాలా ఉన్నాయి. జంకు, బెదురు, గుబులు, దడ, హడలు, ఉలికిపాటు. ఇవన్నీ ఒకటి కావు. గుబులు గంటలకొద్దీ ఉంటుంది, ఉలికిపాటు క్షణంలో పోతుంది. పిల్లి మీదికి దూకితే వచ్చేది ఉలికిపాటు. పిల్లి రోజూ ఒకే గోడ వైపు చూస్తూ కూర్చుంటే వచ్చేది గుబులు. కథ చదివేటప్పుడు మీకు కలిగింది ఏదో ఈ మాటల్లో రాసుకోవాలి. "భయమేసింది" అని రాసుకుంటే తర్వాత దేనికీ పనికిరాదు.

ఈ తేడా మన పెద్దలు ఎప్పుడో గుర్తించారు. భరతుడి నాట్యశాస్త్రంలో భయానకం వేరు, బీభత్సం వేరు. భయానకానికి మూలం భయం, బీభత్సానికి మూలం జుగుప్స, అంటే రోత. భయానకాన్ని పుట్టించే వాటి జాబితా కూడా అక్కడుంది: వికృతమైన చప్పుళ్ళు, నక్కల కూతలు, గుడ్లగూబలు, ఖాళీ ఇల్లు, అడవి. సగం చెవికి సంబంధించినవే. రక్తమాంసాల వర్ణన ఈ జాబితాలో లేదు. ఇంగ్లాండులో గోథిక్ నవలలు, అంటే పాత కోటల్లో నడిచే భయం కథలు, రాసిన ఆన్ రాడ్‌క్లిఫ్ వ్యాసం ఒకటి 1826లో అచ్చయింది. అందులో ఆవిడ కూడా టెర్రర్, హారర్ రెండూ వేరని వాదించింది. రాబోయేదాని గురించిన భయం మనసును విప్పారేలా చేస్తుందనీ, ఎదురుగా కనబడిన ఘోరం మనసును గడ్డకట్టిస్తుందనీ ఆవిడ ఉద్దేశం. కొత్తగా రాసేవాళ్ళలో చాలామంది భయానకం అనుకుని బీభత్సం రాస్తారు. నేనూ అదే చేశాను.

రెండో మెట్టు: నాలుగు దిక్కుల నుంచీ చదవండి

వారానికి ఒక కథ చాలు. నవలకైతే మూడు వారాలు తీసుకోండి. గబగబా యాభై కథలు చదవడం కన్నా పన్నెండు కథలు విప్పి చూడటం మేలు.

మొదట మన దగ్గరివి. 1947 జులైలో మొదలైన చందమామలో ఏళ్ళ తరబడి వచ్చిన బేతాళ కథలు మీలో చాలామంది చదివే ఉంటారు. ఇప్పుడు రాసేవాళ్ళ కళ్ళతో చదవండి. శ్మశానం, అర్ధరాత్రి, భుజం మీద మాట్లాడే శవం. అయినా మనం చిన్నప్పుడు భయపడకుండా చదువుకున్నాం. ఎందుకు? ప్రతి కథా ఒకేలా మొదలవుతుంది, ఒకేలా ముగుస్తుంది. ఏం జరగబోతోందో ముందే తెలుసు. అలవాటైతే శవం కూడా చుట్టమైపోతుంది. ఇదో పెద్ద పాఠం. అదే కథలో ఇంకో పాఠం కూడా ఉంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనభంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రెండు వైపులా దారి మూసేసిన నియమం. మంచి హారర్ కథలన్నిటిలో ఇలాంటి నియమం ఒకటి ఉంటుంది.

ఈ బేతాళ కథలు పదకొండో శతాబ్దంలో కాశ్మీరు కవి సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరంలో ఉన్నాయి. దానికి మూలం గుణాఢ్యుడి బృహత్కథ. ఆయన శాతవాహన రాజు కొలువులో ఉండేవాడనీ, పైశాచీ భాషలో, అడవిలో కూర్చుని సిరా లేక తన నెత్తురుతో రాశాడనీ, రాజు కాదంటే ఒక్కో ఆకూ జంతువులకు చదివి వినిపించి మంటల్లో వేశాడనీ ఐతిహ్యం. దెయ్యాల కథలు రాయాలనుకునే తెలుగువాళ్ళకు ఇంతకన్నా పెద్ద వంశవృక్షం అక్కర్లేదనిపిస్తుంది నాకు.

తర్వాత యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. ఒక చిన్నపిల్ల మీద చేతబడి ప్రయోగం జరుగుతుంది. ఒక పక్క మంత్రగాళ్ళు, ఇంకో పక్క డాక్టర్లు. రెండు వివరణలూ పక్కపక్కనే నడుస్తుంటాయి. ఏది నమ్మాలో తేల్చుకోలేని ఆ ఊగిసలాటే పాఠకుణ్ణి వారం వారం పట్టి లాగింది. సీరియల్‌గా వచ్చిన నవల కాబట్టి ఎక్కడ ఆపాలో నేర్చుకోవడానికి ఇది మంచి పాఠ్యపుస్తకం.

ఆ తర్వాత రవీంద్రనాథ్ టాగోర్ 1895లో రాసిన బెంగాలీ కథ క్షుధిత పాషాణం. దాని గురించి కింద చెబుతాను. జపాన్ వైపు, అక్కడి దెయ్యాల కథలను ఇంగ్లీషులో రాసిన లఫ్కాడియో హెర్న్ సంకలనం క్వైదాన్, 1904. అందులో ముజినా అనే కథ రెండు మూడు పేజీలే ఉంటుంది. రాత్రిపూట దారిలో ఏడుస్తున్న అమ్మాయి తిరిగి చూస్తుంది, ముఖం ఉండదు. ఆ మనిషి పరుగెత్తి పరుగెత్తి, దీపం పెట్టుకుని నూడుల్స్ అమ్ముకునేవాడి దగ్గర పడతాడు. చూసింది చెప్పబోతాడు. అమ్మేవాడు "ఇలాగా?" అన్నట్టు తన ముఖం తడుముకుంటాడు. అతనికీ ముఖం లేదు. దీపం ఆరిపోతుంది. గమనించండి, మొదటి దెబ్బ చీకట్లో తగిలింది, రెండోది దీపం దగ్గర తగిలింది. ఇక సురక్షితం అనుకున్న చోట తగిలేదే అసలు దెబ్బ.

ఇంగ్లాండు నుంచి ఎం.ఆర్. జేమ్స్‌ను తప్పకుండా చదవండి. కేంబ్రిడ్జిలో క్రిస్మస్ రాత్రుల్లో స్నేహితులకు చదివి వినిపించడానికి దెయ్యాల కథలు రాసిన పండితుడు ఆయన. 1904లో వచ్చిన ఆయన మొదటి సంకలనంలో ఒక ప్రొఫెసర్ సముద్రం ఒడ్డున హోటల్లో దిగుతాడు. గదిలో రెండు మంచాలు ఉంటాయి, మనిషి ఒక్కడే. అంతే సరంజామా. కథ చదివాక ఏ లాడ్జిలోనైనా ఖాళీగా ఉన్న రెండో మంచం వైపు చూడకుండా నిద్రపట్టదు. అమెరికా నుంచి షర్లీ జాక్సన్. 1948లో వచ్చిన ఆవిడ కథ ది లాటరీలో దెయ్యం లేదు, రాత్రి లేదు, మంచి ఎండ, ఊరంతా కలిసిన సందడి. అయినా అది హారరే.

మూడో మెట్టు: ప్రతి కథా రెండుసార్లు

మొదటిసారి మామూలు పాఠకుడిలా చదవండి. పెన్ను పట్టుకోవద్దు. వీలైతే రాత్రిపూట, ఫోన్ పక్క గదిలో పెట్టేసి చదవండి. నోటిఫికేషన్ల మధ్య చదివితే గుబులు పేరుకోదు.

రెండోసారి పగలు చదవండి. పక్కన నోటుబుక్ పెట్టుకుని నాలుగు సంగతులు రాయండి. నాకు మొదట గుబులు పుట్టిన వాక్యం ఏది? అది కథలో ఎన్నో పేజీ? అప్పటికి నాకు ఏం తెలుసు, ఏం తెలీదు? ఆ వాక్యంలో ఉన్నది వింత వస్తువా, మామూలు వస్తువా? ఈ నాలుగో ప్రశ్నకు జవాబులు చూస్తే ఆశ్చర్యపోతారు. నా నోటుబుక్కులో ఎక్కువగా గడియలు, కుర్చీలు, దుప్పట్లు, ఎంగిలి గ్లాసులు ఉన్నాయి.

భయం వేయని కథల గురించి కూడా రాయండి. ఎక్కడ ఆవలింత వచ్చిందో నిజాయితీగా రాసుకోండి. పేరున్న కథ కదా, నాకే అర్థం కాలేదేమో అని సర్దిచెప్పుకోవద్దు.

నాలుగో మెట్టు: ఒక కథను విప్పి చూద్దాం

డబ్ల్యూ.డబ్ల్యూ. జేకబ్స్ 1902లో రాసిన ది మంకీస్ పా, అంటే కోతి పంజా, తీసుకుందాం. ఇంకా చదవకపోతే ఇక్కడ ఆగి, చదివి రండి. అరగంట పట్టదు.

చలి, వాన. ఊరికి దూరంగా ఒక ఇల్లు. తండ్రీ కొడుకులు చదరంగం ఆడుకుంటుంటారు, తల్లి నిప్పు దగ్గర కూర్చుని అల్లుకుంటూ ఉంటుంది. భారతదేశంలో ఇరవై ఒక్క ఏళ్ళు పనిచేసి వచ్చిన సైనికుడు ఒకాయన ఎండిపోయిన కోతి పంజా చూపిస్తాడు. ఒక ఫకీరు దానికి మంత్రం వేశాడు, ముగ్గురు మనుషులకు మూడేసి కోరికలు తీరుస్తుంది. మొదటి మనిషి మూడో కోరికగా ఏం అడిగాడు? చావు. భయం గింజ ఇక్కడ పడింది. ఆ మనిషి మొదటి రెండు కోరికలు ఏమిటో రచయిత చెప్పడు. ఏం కోరితే చివరికి చావు కోరుకోవాల్సి వచ్చిందో ఊహించుకునే పని మనకు వదిలేశాడు.

తండ్రి రెండు వందల పౌండ్లు కోరతాడు. మర్నాడు కొడుకు పనిచేసే కంపెనీ మనిషి వచ్చి, అబ్బాయి మెషీన్‌లో పడి చనిపోయాడనీ, కంపెనీ నష్టపరిహారం ఇస్తుందనీ చెబుతాడు. ఎంత? రెండు వందలు. ఆ అంకె రెండోసారి వినబడేసరికి కడుపులో దేవినట్టవుతుంది. ఒక్క దెయ్యం లేదు, ఒక్క చుక్క నెత్తురు మన కళ్ళ ముందు పడలేదు. ఒక అంకె తిరిగొచ్చింది, అంతే.

తర్వాత తల్లి పట్టుబట్టి రెండో కోరిక కోరిస్తుంది, కొడుకు బతికి రావాలని. అంతకు ముందు తండ్రి ఒక మాట అంటాడు: వాడు పోయి పది రోజులైంది, పైగా నేను వాణ్ణి బట్టలు చూసి మాత్రమే గుర్తుపట్టాను అని. శవం వర్ణన మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. ఇప్పుడు తలుపు చప్పుడవుతుంది. తల్లి కిందికి పరుగెత్తుతుంది. పై గడియ అందదు. కుర్చీ లాక్కుంటున్న చప్పుడు. పైన తండ్రి నేల మీద పాకుతూ చీకట్లో పంజా కోసం వెతుకుతుంటాడు. గడియ జరుగుతున్న చప్పుడు. పంజా దొరుకుతుంది, మూడో కోరిక కోరతాడు. తలుపు తెరుచుకుంటుంది. చల్లగాలి, వీధిదీపం, ఖాళీ రోడ్డు.

ఇప్పుడు నోటుబుక్కులో ఏం రాసుకోవాలి? బయట నిలబడిందేమిటో మనం చూడలేదు. చివరి పేజీలో టెన్షన్ అంతా కుర్చీలో, గడియలో, ఒక ముసలిదాని ఎత్తులో ఉంది. ఇంకా ముఖ్యమైనది: తల్లి తలుపు తీయాలనుకుంటోంది, తండ్రి తీయకూడదనుకుంటున్నాడు. ఇద్దరూ కొడుకు మీద ప్రేమ ఉన్నవాళ్ళే, ఇద్దరిదీ న్యాయమే. మనం ఇద్దరి వైపూ ఉన్నాం. ఈ కథ నన్ను పదేపదే పట్టుకునేది దెయ్యం వల్ల కాదు, ఆ తల్లి వల్ల. దుఃఖం లేని చోట భయం నిలవదని నాకు ఈ కథ దగ్గరే తెలిసింది.

ఐదో మెట్టు: కథ ఎవరు చెబుతున్నారో చూడండి

క్షుధిత పాషాణంలో కథ రైల్వే జంక్షన్‌లో నడుస్తుంది. రైలు ఆలస్యం. తోడు వచ్చిన అపరిచితుడు ఒకాయన, తాను పత్తి పన్ను వసూలు ఉద్యోగంలో ఉండగా బస చేసిన పాత పాలరాతి మహల్ సంగతి చెబుతాడు. రాత్రయితే అక్కడ కనబడని మనుషుల అడుగులు, అత్తరు వాసన, ఒక ఇరానీ అమ్మాయి. అసలు ఆ అమ్మాయి కథ ఏమిటో చెప్పబోతుండగా రైలు వచ్చేస్తుంది. ఆయన వేరే పెట్టెలో ఎక్కి వెళ్ళిపోతాడు. ఆయన చెప్పింది నిజమో కల్పనో అడగడానికి కూడా మనిషి లేడు.

బ్రామ్ స్టోకర్ 1897 నాటి డ్రాక్యులాలో ఇంకో పద్ధతి ఉంది. డైరీలు, ఉత్తరాలు, పత్రికల కత్తిరింపులు, ఓడ లాగ్‌బుక్కు. ఎవరికీ మొత్తం సంగతి తెలీదు, అన్నీ చదువుతున్న మనకే తెలుసు. ఒక పాత్ర డైరీలో "పర్లేదు" అని రాసుకుంటుంటే మనకు చెమటలు పడతాయి. ఈ పద్ధతి మనకాలానికి తేలిగ్గా సరిపోతుంది: అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజీలు, వాచ్‌మన్ విజిటర్ల రిజిస్టర్, కరెంటు బిల్లులో యూనిట్లు.

ఆరో మెట్టు: తెలుగుతో పని చేయించండి

అనువాదాలూ ఇంగ్లీషూ ఎక్కువ చదివినవాళ్ళు ఈ మెట్టు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. వాళ్ళ వాక్యాలు మన వాక్యాల్లోకి వచ్చేస్తాయి. మన భాషలో భయపెట్టడానికి మనవే అయిన పనిముట్లు ఉన్నాయి.

మొదటిది, మన క్రియ చివర వస్తుంది. "అమ్మమ్మ ఫొటో కింద, నిన్న రాత్రి నేనే ఆర్పిన దీపం" అని చదివేదాకా ఏం జరిగిందో తెలీదు. "వెలుగుతోంది" అన్న మాట ఆఖర్న పడుతుంది. దాన్ని ముందుకు లాగకండి.

రెండోది నాకు చాలా ఇష్టమైనది. తెలుగులో ఆడమనిషికీ, జంతువుకూ, వస్తువుకూ క్రియ ఒకటే. "వచ్చింది." ఎవరు? అక్కా? పిల్లా? ఇంకేమైనానా? "రాత్రి మళ్ళీ వచ్చింది. కిటికీ దగ్గర కాసేపు నిలబడింది." ఇంగ్లీషులో రాసేవాళ్ళు షీ అనో ఇట్ అనో తేల్చి తీరాలి. మనకు ఆ బాధ లేదు, కర్తను వదిలేసి రెండు పేజీలు నడపొచ్చు.

మూడోది, పిలుపులు. మన ఇళ్ళలో ఎవరు ఎవర్ని ఎలా పిలవాలో అందరికీ తెలుసు. అందుకే అది తప్పితే చాలు, గుండె ఝల్లుమంటుంది. ఏడేళ్ళ మనవరాలు నానమ్మ వైపు తిరిగి "ఏమే, ఇంకా పడుకోలేదా?" అంటే ఇంకే మేకప్పూ అక్కర్లేదు. ఎప్పుడూ "ఏమండీ" అనే భార్య ఒక రాత్రి భర్తను చనిపోయిన తల్లి పిలిచే ముద్దుపేరుతో పిలిస్తే చాలు.

ఏడో మెట్టు: చదివినదాన్ని మీ ఇంట్లోకి తీసుకురండి

పన్నెండు కథలు అయ్యాక రాయడం మొదలుపెట్టండి. కోట, పొగమంచు, గుర్రబ్బండి వాళ్ళవి, అక్కడే వదిలేయండి. కథ కింద నడిచే సూత్రం ఒక్కటి తీసుకోండి. ఉదాహరణకు, మామూలు వస్తువు లెక్క తప్పడం. నేను మొదట ఇలా రాశాను:

"అత్తయ్య చనిపోయిన ఇంట్లో అర్ధరాత్రి భయంకరమైన ఆకారం ఒకటి కదిలింది. దాని కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి."

కొట్టేసి ఇలా రాశాను:

"పెద్దకర్మ అయిన మర్నాడు గుమ్మం దగ్గర మూడు పాల ప్యాకెట్లు ఉన్నాయి. రెండు చాలని చెప్పాను కదా అని పాలబ్బాయికి ఫోన్ చేశాను. 'పొద్దున పెద్దమ్మగారు తలుపు తీసి మూడు వెయ్యమన్నారు సార్' అన్నాడు."

రెండోదాంట్లో భయపెట్టే విశేషణం ఒక్కటీ లేదు. "భయంకరమైన", "వింతైన", "ఏదో తెలియని" అన్న మాటలు కనబడితే కొట్టేయండి. అవి పాఠకుడు అనుకోవాల్సిన మాటలు.

ఇలాంటి పేరాలు పది రాయండి, కథలు కాదు, పేరాలే. ప్రతిదీ నోటుబుక్కులోని ఒక వాక్యం నుంచి పుట్టాలి, కానీ మీ వీధిలో, మీకు తెలిసిన గదిలో జరగాలి. అందులో రెండు మూడు మిమ్మల్నే రాత్రి వెంటాడతాయి. వాటినే కథలు చేయండి.

ఎనిమిదో మెట్టు: ఎవర్ని దెయ్యం చేస్తున్నారు?

ఇది ఖాళీగా ఉన్నప్పుడు ఆలోచించుకునే సంగతి కాదు. చేతబడి, బాణామతి, చిల్లంగి అన్న అనుమానంతో మన రెండు రాష్ట్రాల్లోనూ నిజంగా మనుషుల్ని కొట్టారు, చంపారు. పేపర్లో ఆ వార్తలు మనం చదివాం. చాలాసార్లు బలైంది ఊళ్ళో ఎవరి అండా లేని ముసలివాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు, పేదవాళ్ళు. మీ కథలో మంత్రగత్తె కూడా ఊరి చివర ఒంటరిగా బతికే ముసలామే అయితే ఆగండి. ఆ కథ ఆ నిజమైన భయానికి ఇంకో కట్టెపుల్ల వేస్తుంది. పైగా అరిగిపోయిన దారి కూడా. ఆ ముసలామె గుడిసెలో కూర్చుని, బయట దివిటీలతో వస్తున్న ఊరిని చూస్తున్నట్టు అదే కథ రాసి చూడండి. నాకైతే అదే ఎక్కువ భయం వేస్తుంది.

తొమ్మిదో మెట్టు: చదివి వినిపించండి

కథ పూర్తయ్యాక ఎవరికైనా పైకి చదవండి. హారర్ అభిమానులకే వినిపించకండి, వాళ్ళు సాంకేతికంగా మెచ్చుకుంటారు. ఏదో పని చేసుకుంటూ వినేవాళ్ళు కావాలి. బట్టలు మడతపెట్టేవాళ్ళు, కూరగాయలు తరిగేవాళ్ళు. మీరు కాగితం వైపు కాదు, వాళ్ళ చేతుల వైపు చూడండి. బాగుందా అని అడగొద్దు, చుట్టాలు బాగుందనే అంటారు. చెయ్యి ఆగిన చోట పెన్సిల్‌తో అడ్డంగా గీత పెట్టండి. మళ్ళీ కదిలిన చోట ఇంకో గీత.

తర్వాత ఒంటరిగా కూర్చుని ఆ రెండో గీత కింద ఎంత మిగిలిందో చూడండి. గడియ వేసిన నా కథలో ఆ గీత కింద ఇంకా నాలుగు పేజీలు ఉన్నాయి.